లైబ్రరీ ముంగట పడుగు

పట్టపగలు, నలుగురు చూస్తుండగానే, మున్సిపాలిటీ పనివాళ్లు లైబ్రరీ కుర్చీలు తెచ్చి రోడ్డు మీద పడేశారు. ఆ తర్వాత బల్లలు. ఆ తర్వాత పుస్తకాలు చెత్త ట్రాక్టర్‌లోకి ఎత్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నలభై మంది బ్యాగులు గుండెలకు అదుముకుని గోడ పక్కన నిలబడ్డారు.

చౌటుప్పల్ దాటాక హైవేకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు అది. పేరెందుకు, అలాంటివి చాలా ఉన్నాయి. నేతగల్లీ వెంకటనర్సమ్మ అప్పుడే బిడ్డ మానసకు సద్ది తెచ్చింది. మానస రెండేళ్లుగా ఆ లైబ్రరీలోనే కూర్చుని కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. వాళ్లింట్లో ఉన్నది ఒకటే గది. సగం గది మగ్గానిది, మిగతా సగం మగ్గం చప్పుడిది. పరీక్ష ఇంకా ఇరవై రోజులుంది.

"ఎందుకు పారేస్తున్రు సారూ?" అని కాంట్రాక్టర్ దామోదర్‌ను అడిగింది.

"పాత బిల్డింగు గదమ్మా. కూలగొట్టి షాపులు కడ్తం. తీర్మానమైంది."

"మరి పిల్లలు ఏడ సదువుకోవాలె?"

"ఫోన్లు లేవా? అండ్ల సదువుతరు" అని నవ్వాడు. దుకాణాల అడ్వాన్సులు అప్పటికే అతని జేబులో ఉన్నాయి. నవ్వక ఏం చేస్తాడు!

పుస్తకాలు మోస్తున్న సఫాయి కార్మికుడు ఇస్రాయేలు చేతిలోని కట్టను మెల్లగా మెట్ల మీద దించాడు. "నాతోని కాదు సారూ. నా బిడ్డ వర్షిత గీ పుస్తకాలే సదువుతాంది."

"అయితే రేపటిసంది పనికి రాకు" అన్నాడు దామోదర్. మిగిలిన పనివాళ్లు కూడా చేతులు దులుపుకున్నారు. దామోదర్ తలుపుకు తాళం వేయించి, "పొద్దుగాల జేసీబీ వస్తది, ఎవలు ఆపుతరో చూస్త" అని కారెక్కాడు.

సాయంత్రం చేనేత సొసైటీ షెడ్డులో గల్లీ మొత్తం కూడింది. సొసైటీ పెద్ద ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. "మున్సిపల్ చైర్మన్ సారును కలుద్దాం. ఓ శాలువ కప్పి, దండం పెట్టి అడుగుదాం."

"పోయినేడు గూడ కప్పినం గద పెదనాయినా" అంది మానస. నిజమే. పోయినేడు లైబ్రరీ ఫ్యాన్లకు గల్లీ వాళ్లే చందా వేసుకున్నారు. వాటికి స్విచ్చి వేసినందుకు చైర్మన్‌కు శాలువ కప్పి దండ వేశారు. మానస బ్యాగులోంచి ఇంటి పన్ను రసీదు తీసి అందరికీ చూపించింది. "గిది సూడుండ్రి. గ్రంథాలయ పన్ను. ఏటేటా మన దగ్గర తీసుకుంటనే ఉన్నరు."

వెంకటనర్సమ్మకు చదువు రాదు. బిడ్డ వేలు పెట్టిన చోట చాలాసేపు చూసింది. "అంటే మన సొమ్ముకే మనం దండేసి మొక్కినమా?" అంది. ముందు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ సర్కారు దయ అనుకుని ఎంత ఒదిగి ఉన్నారు!

"రేపు అందరం అడ్డం పోదాం" అన్నారు ఆడవాళ్లు. పిల్లలు మాత్రం తలలు దించుకున్నారు. మానస కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేం రాలేమమ్మా. కేసు పడితే నౌకరి రాదు. పోలీసోళ్లే ఎంక్వైరీ చేస్తరు."

ఆ నలభై మందిదీ అదే భయం. ఈ కాలంలో పిల్లల నోరు మూయించడానికి లాఠీ ఎందుకు? నోటిఫికేషన్ చాలు.

"మీరు ఇండ్లల్లకెల్లి ఎల్లకుండ్రి. తల్లులం మేం లేమా?" అంది వెంకటనర్సమ్మ.

షెడ్డు గుమ్మం దగ్గర ఇస్రాయేలు నిలబడి ఉన్నాడు. ఎల్లేశం ఇబ్బందిగా చూశాడు. "గిది మా గల్లీ ముచ్చట ఇస్రాయేలూ..."

"గాయన పని పోగొట్టుకొని వచ్చిండు బావా. మనం ఇంకా గింత గూడ పోగొట్టుకోలే" అని అడ్డుకుంది వెంకటనర్సమ్మ. "లోపలికి రా అన్నా, కూసో."

ఇస్రాయేలు వచ్చి చాప మీద కూర్చున్నాడు. "పదేండ్ల సంది మీ గల్లీ ఊడుస్తున్న. పొద్దుగాల మీరు మగ్గం పడుగు బజార్ల సాగదీసి నూలుకు గంజి పెడుతుంటే నా చీపురును ఆపుతరు, దాటొద్దంటరు. నేనెన్నడన్న దాటిన్నా? నా చీపురు దాటని పడుగును జేసీబీ ఎట్ల దాటుతది?"

షెడ్డులో అందరూ ఒక్కసారే మాట్లాడారు, ఎవరి పడుగు ముందు, ఎవరిది తర్వాత అని.

తెల్లవారేసరికి లైబ్రరీ ముందు రోడ్డుకు అడ్డంగా పడుగు సాగింది. ఇటు కరెంటు స్తంభం, అటు గుంజ. మధ్యలో వేల నూలు పోగులు. జేసీబీ వచ్చి ఆగింది.

"తియ్యుండ్రి!" అని అరిచాడు దామోదర్.

"గంజి తడి ఆరలే సారూ. ఇప్పుడెత్తితే పోగులు అతుక్కపోతయి" అన్నాడు ఎల్లేశం, అదే దండం పెట్టే చేతులతో. ఆ పడుగు ఆరేలోపు పక్కింటి వాళ్లది పడింది. అది ఆరేలోపు ఇంకొకరిది. మూడు రోజులు ఇదే వరస. మూడు నెలల్లో పెట్టే గంజి మూడు రోజుల్లో పెట్టారు. జేసీబీ డ్రైవర్ రోజూ నేతగల్లీ ఇండ్లలోనే చాయ్ తాగి వెనక్కి వెళ్లాడు.

నాలుగో రోజు పోలీసులు వచ్చారు. ఆ రోజు పడుగు వెంకటనర్సమ్మది. దామోదర్ మనిషి కొడవలితో అటు నుంచి ఇటు కోసేశాడు. పోగులన్నీ సర్రున వెనక్కి తగ్గి మట్టిలో పడ్డాయి. నెల తిండి అది. ఆమె ఏడవలేదు. తెగిన నూలు మీదే కూర్చుంది. పక్కన ఎల్లేశం కూర్చున్నాడు. ఇస్రాయేలు కూర్చున్నాడు. అతని కాలనీ ఆడవాళ్లు గుంపుగా వచ్చి జేసీబీ ముందు కూర్చున్నారు. ముందువరసలో దొరికిన వాళ్లందరినీ పోలీసులు ఈడ్చుకెళ్లి వ్యానులో ఎక్కించారు.

ఎస్సై కాగితం తీశాడు. "పేర్లు చెప్పుండ్రి."

"మానస" అని వినిపించింది బయట నుంచి.

వెంకటనర్సమ్మ వ్యాను జాలీ పట్టుకుని, "పో బిడ్డా! ఇంటికి పో! సారూ, అది రాలే, దాని పేరు రాయకు!" అని గొంతు చించుకుంది.

మానస కదలలేదు. వెనక ఇస్రాయేలు బిడ్డ వర్షిత, ఆ వెనక లైబ్రరీ పిల్లలంతా. "రాసుకో సారూ. హాల్‌టికెట్ నంబరు గూడ చెప్త, రాసుకో."

"ఉద్యోగాలు పోతయి, సోయి ఉన్నదా మీకు?" అన్నాడు ఎస్సై. గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది.

"సదువుకునే జాగే లేకపాయె. మా అమ్మను గుంజుకపోతుంటే ఇంట్ల కూసొని రాజ్యాంగం బట్టీ పట్టాల్నా సారూ?"

వెంకటనర్సమ్మ బిడ్డ ముఖంలోకి చూసింది. రెండేళ్ల కష్టం, పదహారు రోజుల్లో పరీక్ష, అన్నీ తెలిసే నిలబడింది ఆ పిల్ల. తల్లి ప్రాణం వద్దంటూనే ఉంది. అయినా ఆమె జాలీ వదిలేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, వ్యానులోని బల్ల మీద పక్కకు జరిగింది.

"జర జరగుండ్రే" అంది అందరితో. "పిల్లలు కూసుంటరు."