జైనాబీ మెహర్

నేను ఒక గ్రైండర్‌ని. దోసెల పిండి రుబ్బుతాను. నాలోని రాయి కోయంబత్తూరుది, కోపం మాత్రం నా సొంతం. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. స్విచ్ వేయని రోజు నాకు పిచ్చెక్కినట్టుంటుంది.

నన్ను కొన్నది బేతంచెర్ల దాదాపీర్, నాపరాళ్లకు పాలిష్ పట్టే మనిషి. నిఖా రోజున కాజీగారు, పెళ్లికూతురికి వరుడు ఇవ్వాల్సిన మెహర్ ఏం రాయమంటారని అడిగితే, లోపలి గదిలోంచి జైనాబీ కబురు పంపిందట: "నగలొద్దు, గ్రైండర్ కావాల." మగవాళ్లంతా పడీ పడీ నవ్వారు. దాదాపీర్ నవ్వలేదు. కాజీగారు నన్ను నిఖానామాలో రాశారు, మూడో రోజుకల్లా వాళ్లింటికి చేరాను. పెళ్లిపత్రానికెక్కిన గ్రైండర్‌ని మీరెక్కడైనా చూశారా?

పదకొండేళ్లు జైనాబీ పిండి రుబ్బి అమ్మింది. పిల్లల చదువూ ఇంటి అద్దె అన్నీ నాలోంచే వచ్చాయి. అయినా వీధిలో అందరూ నన్ను "దాదాపీర్ గ్రైండర్" అనేవారు. ఒళ్లు మండేది.

రాతిదుమ్ముకి ఊపిరితిత్తులు చెడి దాదాపీర్ పోయాడు. శవం లేవకముందే ఆడవాళ్లు జైనాబీ చుట్టూ చేరారు. "మెహర్ మాఫ్ చేసినానని చెప్పమ్మా, పోయినోనికి అప్పు బరువు తగ్గుతాది." ఆమె ఏడుస్తూ "చేసినా" అంది. ఎప్పుడో ముట్టిన మెహర్‌ని మాఫ్ చేయడమేమిటని అరుద్దామనుకున్నాను. స్విచ్ ఆపేసి ఉంది.

నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక బావ దస్తగిరి ఆటో తెచ్చాడు. "మెహర్ మాఫ్ చేసినావు గదమ్మా, ఇంగ గ్రైండర్ మా తమ్మునిదే. అంటే మాది." అంటూనే నన్ను ఎక్కించాడు. పొద్దున నానబెట్టిన బియ్యం గిన్నెలోనే ఉన్నాయి. జైనాబీ నా వైరు పట్టుకుని వదల్లేదు. ఆ వైరు కూడా వదిలేస్తుందేమోనని నేను హడలిపోయాను.

అప్పుడు అత్త కాశింబీ వచ్చి ఆటోకి అడ్డం నిలబడింది.

"రేయ్ దస్తగిరీ, చేతికిచ్చేసినదాన్ని ఎట్ల మాఫ్ చేస్తాదిరా? మీ నాయిన నాకు మెహర్ కింద రాసింది రెండు సెంట్ల జాగా. ఇయ్యకనే పాయ. శవం కాడ నాతో గూడ ఇట్లే మాఫ్ అనిపించిరి. ఆ జాగాలోనే నువ్వు ఇల్లు కట్టుకున్యావు. నేనేమన్నా అడిగినానా?"

దస్తగిరి నన్ను దించాడు. విసురుగా దించడంలో గడపకి తగిలి నా అంచు సొట్టపోయింది.

మర్నాడు పొద్దున పప్పు రుబ్బుతూ జైనాబీ మెల్లగా అంది: "ఇప్పుడన్నా అడగగూడదా అత్తా?"

కాశింబీ పప్పులో నీళ్లు పోసింది. చెయ్యి కడుక్కుంది. పెట్టె అడుగు నుంచి తన నిఖానామా తీసుకుని చెప్పులేసుకుంది. దస్తగిరి ఇల్లు రెండు వీధుల అవతలే.

ఇంకా రాలేదు. పప్పు ఎప్పుడో మెదిగిపోయింది. జైనాబీ నన్ను ఆపడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడి ఉంది. నేను తిరుగుతూనే ఉన్నాను. తిరిగిన ప్రతిసారీ తలుపు కనిపిస్తోంది, కాశింబీ మాత్రం కనిపించడం లేదు.