ఏడో నంబరు చొక్కా

మా ఆయన ముక్కుతో కాపురం చేయడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను? ఇంట్లోకి ముందు అదొస్తుంది, వెనకాల ఆయనొస్తారు. ఇరవై ఏళ్లుగా లాండ్రీ నడుపుతున్నారు కదా, మూట విప్పకుండానే లోపల ఏ మరక ఉందో చెప్పేస్తారు. కూర మాడుతోందని కొట్లోంచి ఫోను చేసిన రోజులూ ఉన్నాయి.

ఆ ముక్కు వల్ల నాకంటే ఎక్కువ కష్టం మా అమ్మాయికొచ్చింది. పధ్నాలుగో ఏడు వచ్చిందో లేదో, కుళాయి విప్పినట్టు చెమట మొదలైంది. పరీక్ష రాస్తే అరచెయ్యి తగిలి అక్షరాలు అలుక్కుపోతాయి. అది బడి వాలీబాల్ జట్టులో ఆడుతుంది. నెట్ దగ్గర చేతులెత్తి ఎగరాల్సిన పిల్ల, నెల రోజులుగా చంకల్లో చెరో పుస్తకం ఇరికించుకున్నట్టు తిరుగుతోంది. సోమవారం పొద్దున దాని సంచిలో చీటీ దొరికింది: "జట్టులోంచి నా పేరు తీసేయండి." జట్టు ఖాయం చేసేది శుక్రవారం. పోటీ శనివారం.

"పక్కనాడే పిల్ల ముక్కు మూసుకుందమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "శుక్రవారం ఇచ్చేస్తా ఆ చీటీ."

ఆయన వినేశారు. "అసలు స్నానం చేస్తున్నావా, నీళ్లకి మొహం చూపించి వస్తున్నావా? వీపు రుద్దుకుంటున్నావా?"

"రెండు పూటలా చేస్తున్నా నాన్నా!"

"చేస్తే ఈ వాసనేంటి? నా ముక్కు అబద్ధం చెప్పదు."

ఆ సాయంత్రమే దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఈ వయసులో చెమట మామూలేననీ, కొందరికి మరీ ఎక్కువ పడుతుందనీ చెప్పింది. చెమట తగ్గించే రోల్-ఆన్ ఒకటి రాసిచ్చి, పడుకునే ముందు ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు రాసుకోమంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ ఆడే చొక్కా ఎన్నాళ్లకోసారి ఉతుకుతారు?" అంది. నాకు దగ్గొచ్చింది.

ఆ చొక్కా ఆలనాపాలనా అంతా ఆయనదే. వీపు మీద ఏడో నంబరు అచ్చేసి ఉంటుంది. ఉతికితే అది ఊడిపోతుందని వారానికి ఒక్కసారే నీళ్లు చూపిస్తారు. మిగతా రోజుల్లో పొద్దున్నే ఇస్త్రీ చేస్తారు, మడత కత్తిలా నిలబడేలా. ఆ మడత చూసి శుభ్రంగా ఉందనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

"చెమట పట్టిన బట్టని ఉతక్కుండా ఇస్త్రీ చేస్తే వాసన ఎక్కడికీ పోదమ్మా," అంది డాక్టరమ్మ. "ఒంటి వేడి తగలగానే మళ్లీ లేస్తుంది."

ఆయనకి చెప్పాను. "ఇస్త్రీ గురించి నాకు డాక్టర్లు చెప్పాలా?" అన్నారు.

నేను వాదించలేదు. వాదిస్తే ఆయన గెలుస్తారు, గెలవడం ఆయన ఒంటికి పడదు. కొట్లో వేసుకునే చొక్కాలు ఆరున్నాయి, ఆరూ ఒకే నీలం. సోమవారం రాత్రి విప్పినదాన్ని నానబెట్టకుండా ఉతికిన బట్టల్లో కలిపి, అన్నిటికంటే పైన పెట్టాను; ఆ తర్వాతి రాత్రుళ్లూ అంతే. మంగళవారం పొద్దున ఆయనే శ్రద్ధగా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నారు. బుధవారం మళ్లీ అదే. గురువారం కూడా అదే. ఊళ్లో వాళ్ల మరకలన్నీ పసిగట్టే ముక్కు సొంత చొక్కా దగ్గర గుర్రుపెట్టి నిద్రపోయింది.

గురువారం సాయంత్రం నేను కొట్లో గుండీలు కుడుతున్నాను. అమ్మాయి బడి నుంచి అటే వచ్చి గుమ్మంలో కూర్చుంది. రిటైరైన టీచరమ్మగారు దుప్పట్ల కోసం వచ్చి, బల్ల మీదికి వంగి, వంగినంత వేగంగా వెనక్కి జరిగారు.

"ఏమయ్యా, ఇవాళ స్నానం చేశావా?"

"రెండు పూటలా చేస్తానండీ!" అన్నారాయన, నిలువునా ఎర్రబడిపోయి.

"చేస్తే ఈ వాసనేంటి?"

గుమ్మంలోంచి సన్నగా వినపడింది: "వీపు రుద్దుకున్నావా నాన్నా?"

ఆయన కాలరు లాగి వాసన చూసుకున్నారు. మళ్లీ చూసుకున్నారు. నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"ఇది ఎప్పటిది?"

"సోమవారంది. రోజూ మీ చేత్తోనే ఇస్త్రీ పడింది," అన్నాను దారం కొరుకుతూ. "మడత మాత్రం కత్తిలా ఉందండీ."

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశారు. మర్నాటి కోసం పెట్టిన ఆటచొక్కా తీసి, లోపలి వైపు పైకి తిప్పి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచారు.

"నంబరు ఊడిపోతే?" అంది అమ్మాయి, పరిగెత్తుకొచ్చి.

"ఊడితే మీ అమ్మ కుడుతుంది. ఆ చీటీ ఏదీ?"

అది సంచిలోంచి తీసిచ్చింది. ఆయన తడిచేత్తో పట్టుకుని, బొటనవేలితో ఒక్క రుద్దు రుద్దారు. అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

చొక్కా జాడించి పిండిచ్చాక, దాన్ని ఆరేయడానికి అమ్మాయి మునివేళ్ల మీద లేచి రెండు చేతులూ పైకెత్తింది. చంకల కింద రెండు తడి మరకలు, అరచెయ్యంతేసి. అయినా చేతులు దించుకోలేదు. క్లిప్పు పెట్టేదాకా అలాగే నిలబడింది. నంబరు చెక్కు చెదరలేదు.

ఆయన ఆ మరకల వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "స్నానం చేయట్లేదని నిన్నన్నాను కదా... తప్పు నాదేలే."

"వినపడలేదయ్యా," అన్నారు టీచరమ్మగారు. దుప్పట్లు అందుకుని కూడా కదల్లేదావిడ.

"తప్పు నాదేనండీ!" అన్నారాయన, వీధంతా వినపడేలా. "పిల్లది కాదు. నా ఇస్త్రీపెట్టెది..." అంటూ నా వైపు చూసి, "...ఇస్త్రీపెట్టెది కూడా కాదు. నాదే."