గంజితో అంటించిన ఆల్బం

ఎమ్మిగనూరులో చీరల అంగడి కుమారస్వామికి అరవై దాటాక రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి షుగరు, రెండోది గడిచిపోయిన కాలం. మొదటిదానికి మాత్రలున్నాయి. రెండోదానికి వాట్సాప్ గ్రూపుంది. చిన్నప్పుడు కలిసి స్టాంపులు పోగేసిన నలుగురు స్నేహితులు తెల్లారితే చాలు, "ఆ రోజులే వేరు" అని ఒకరికొకరు పంపుకుంటారు. ఈ కాలం పిల్లలకు ఉత్తరమంటే ఏంటో తెలియదని తెగ బాధపడతారు. వీళ్లలో ఒక్కడైనా ఏళ్ల తరబడి ఒక కార్డుముక్క రాసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

ఆ గ్రూపులో కుమారస్వామి ఒకరోజు గొప్పకు పోయాడు. తన ఆల్బం చెక్కుచెదరలేదనీ, మూడు మూలల భూటాన్ స్టాంపు ఇప్పటికీ కొత్తదానిలా ఉందనీ రాసేశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆల్బం విప్పి చూడలేదని మాత్రం రాయలేదు. ఆదోనిలో బడిపంతులుగా చేసి రిటైరైన రంగనాథ వెంటనే ఫోను చేశాడు. ఆ స్టాంపు కోసం చిన్నప్పుడు కుమారస్వామి చుట్టూ ప్రదక్షిణలు చేసినవాడతను.

"ఆదివారం అందరం వస్తాము. చచ్చేలోగా దాన్నొకసారి కండ్లారా చూడల్లప్పా," అన్నాడు.

కుమారస్వామి అటక మీది పెట్టె దించి ఆల్బం విప్పాడు. పేజీల నిండా చిల్లులే. తక్కిన పిల్లలు అన్నం మెతుకులతో స్టాంపులు అంటించుకునే రోజుల్లో, వీళ్లింట్లో మగ్గం నూలుకు పెట్టే గంజి కుండల కొద్దీ ఉండేది. దాన్నే మందంగా పూసి అంటించాడు. నా స్టాంపు జన్మలో ఊడదని అప్పట్లో ఛాతీ విరుచుకుని తిరిగాడు. నిజమే, ఒక్కటీ ఊడలేదు. పురుగులు గంజి రుచి మరిగి ఎక్కడివక్కడే తినేశాయి. మాగ్యార్ పోస్టా అని రాసుండే హంగేరీ స్టాంపులు పోయాయి, రష్యా రాకెట్లు పోయాయి. భూటాన్ ఉన్నచోట మూడు మూలల చిల్లు మిగిలింది.

"పురుగులు తినేసినాయని చెప్పు. దాంట్లో ఏముండాది?" అంది భార్య చెన్నమ్మ.

"నా మానం పోతాదే. రంగనాథ ఆదోని అంతా చాటింపు వేస్తాడు."

ఆ వారం పాపం ఆయనకు అన్నం సహించలేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. వచ్చినవాళ్ల నోటికి తీరిక లేకుండా చేయాలి. చెన్నమ్మ చేత ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, ఓళిగలు చేయించాడు. ఆల్బంను పట్టుగుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు.

రంగనాథతో పాటు కోసిగి బసవరాజు, దేవనకొండ ఉచ్చీరప్ప కారు దిగారు. కడుపారా తిన్నారు. బసవరాజు తన మోకాలి ఆపరేషన్ గురించి, ఉచ్చీరప్ప తాను కొన్న ప్లాట్ల గురించి చెప్పారు. స్టాంపుల కోసం పోస్టుమాను వెంట ఎంత దూరం నడిచేవాడో రంగనాథ చెప్పాడు. ఆ కాలంలో మనుషులకు ఓపిక ఉండేదని ముగ్గురూ ఒప్పుకున్నారు, ఒకడి మాట ఒకడు పూర్తి కానివ్వకుండా. ఎవడి చూపు బల్ల వైపు తిరిగినా కుమారస్వామి బజ్జీల పళ్లెం అడ్డం పెట్టేవాడు. కాసేపటికి ఆ అవసరం కూడా లేకపోయింది. బతికిపోయానురా దేవుడా అనుకున్నాడు.

చివర్లో గ్రూపు ఫొటో దిగారు. పట్టుగుడ్డ విప్పకుండానే ఆల్బంను మధ్యలో పెట్టుకున్నారు. రంగనాథ ఫొటోను గ్రూపులో పెడితే, అదే గదిలో మిగతా ముగ్గురి ఫోన్లూ టింగుమన్నాయి. ముగ్గురూ ఎవరి ఫోనులో వాళ్లు చూసుకుని, బాగుందని మెసేజి పెట్టుకున్నారు.

ఇక పోయొస్తామని చెప్పులు వేసుకుంటుంటే కుమారస్వామికి ఒళ్లు మండిపోయింది. వారం రోజులు ప్రాణాలు అరచేత పట్టుకుని ఉంటే, ఒక్కడంటే ఒక్కడు చూపించమని అడగడేం? మానం పోతే పోనీ అనుకున్నాడు. గుడ్డ తీసి పారేసి, చిల్లు పడిన పేజీ విప్పి, కారు దాకా పరుగెత్తాడు.

"రంగనాథా, ఆగప్పా. భూటాన్‌ది చూడకుండానే పోతాండావా?"

రంగనాథ ఫొటోకు ఎవరెవరు బొటనవేలు పెట్టారో చూసుకుంటున్నాడు. ఒక్కసారి తలెత్తి పేజీ వైపు చూశాడు.

"బాగుండాదప్పా. అట్లే ఉండాది, రవంత కూడా చెడలేదు," అని మళ్లీ ఫోనులోకి తల దించి కారెక్కాడు.

కారు ఆదోని దారి పట్టింది. కుమారస్వామి ఆల్బం మూయకుండా అక్కడే నిలబడ్డాడు.

"చూసినాడా?" అని గడప దగ్గరి నుంచి అడిగింది చెన్నమ్మ.

"చూసినాడు. బాగుండాదంట," అన్నాడు. ఆ మాట అంటుండగానే ఏడుపు తన్నుకొచ్చింది.