డప్పు ఆగితే

మా మేనమామ మసౌకో మీద నా కోపం నేల గురించి మాత్రమే కాదు. నేను చేసేది పని అని ఆయన నోట ఒక్కసారీ రాలేదు. జీతం లేదు కనుక మా ఆయన డైసన్ కూడా అనడు. నేను చెరువు నుంచి నీళ్లు మోసి, పిల్లలకు జావ కాచడానికి కట్టెలు నెత్తిన పెట్టుకుని బయల్దేరితే, "మా ఆవిడ ఆడుకోవడానికి పోతోంది" అంటాడు పొరుగువాళ్లతో.

అమ్మలు పొలానికి పోతే నా ఆటస్థలంలో ఉండే ఊరి పిల్లలు, అందరూ అయిదేళ్లలోపువాళ్లే. డప్పు మోగితే ఎగరాలి, ఆగితే బొమ్మల్లా నిలబడాలి. అది కుదిరాక ఇంకో ఆట: అందరి గిన్నెల్లోనూ జావ పడేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇంట్లో తిండి సరిగా దొరకని తదాలా మొదట్లో పక్కవాళ్ల చేతులు కొరికేది. ఇప్పుడు తన చేతుల మీద తానే కూర్చుని ఆగుతుంది. చూస్తే సంతోషమే, కానీ లోపల ఏదో గుచ్చుకుంటుంది. నాకు ఆ ఆట ఎవరూ నేర్పకుండానే వచ్చు.

మా వైపు నేల ఆడవాళ్లది, మొగుళ్లు ఇల్లరికం వస్తారు. ఆడవాళ్ల తరఫున మాట్లాడేది మాత్రం మేనమామ. అమ్మ పోయాక, నాకు వచ్చిన ఆ ఆటస్థలాన్ని మామయ్య పిండిమిల్లు వాళ్లకు ఇచ్చేశాడు. అది ఖాయం చేసిన పంచాయితీలో ఊరిపెద్ద నీకిష్టమేనా అన్నట్టు నా వైపు చూశాడు. మామయ్య గొంతు సవరించుకున్నాడు. నేను కదల్లేదు. ఒప్పుకున్నాననుకుని అందరూ లేచిపోయారు.

నిన్న మామయ్య హద్దు గుంజలతో వచ్చాడు. అప్పుడే డప్పు ఆపాను, పిల్లలు బొమ్మల్లా ఉన్నారు. మొదటి గుంజ మీద సుత్తి పడగానే అందరూ ఎగరడం మొదలుపెట్టారు. సుత్తి ఆగితే ఆగారు. మళ్లీ పడితే మళ్లీ ఎగిరారు.

"బాగానే నేర్పావే ఎనెలెసీ. నేను కొట్టినా ఆడుతున్నారు" అని నవ్వాడు.

"ఆపు మామయ్యా" అన్నాను. ఆయనతో ఆ మాట అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆయన తలెత్తలేదు. "ఊరిపెద్ద అడిగిన రోజు నోట్లో జావ పోసుకున్నావా?"

సుత్తి పడింది. తదాలా అందరికంటే ఎత్తుగా ఎగిరింది.

వీళ్లకు ఇక అరవడం నేర్పాలి అనుకున్నాను. ఎక్కడ నేర్పను? పోయింది ముప్పావు ఎకరం, అమ్మ నాటిన రెండు బొప్పాయి చెట్లతో సహా.