స్నేహితురాలికి సెలవు లేదు

ఆ బడిలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునే ఆవిడని పిల్లలందరూ ల్యాబ్ ఆంటీ అనేవారు. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే పని. సీసాలకి చీటీలు అంటించడం, పరీక్షనాళికలు కడిగి బోర్లించడం, యాసిడ్ల బీరువాకి తాళం వేసి తాళంచెవి కోటు జేబులో వేసుకోవడం. మనిషి మాటకారి కాదు. స్టాఫ్ రూములో టీ తాగుతూ మిగతావాళ్ళు మొగుళ్ళ మీదా అత్తగార్ల మీదా చాడీలు చెప్పుకుంటుంటే నవ్వి ఊరుకునేది. నీకేం తల్లీ, ఏ బాదరబందీ లేదు అనేవాళ్ళు.

నిజానికి ఆవిడకీ ఓ సంసారం ఉండేది. ఒక నర్సుతో పంతొమ్మిదేళ్ళు కాపురం చేసింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. చూసేవాళ్ళకి వాళ్ళిద్దరూ పెళ్ళి కుదరక ఒకరికొకరు తోడున్న స్నేహితురాళ్ళు. రెండేళ్ళ కిందట నాలుగు రోజుల జ్వరంతో నర్సు పోయింది. ల్యాబ్ ఆంటీ వారం సెలవు అడిగింది. దగ్గరి బంధువులు పోతేనే ఇస్తారు, స్నేహితురాలికి రూల్స్ ఒప్పుకోవు అంది హెడ్మిస్ట్రెస్. దాంతో మర్నాడు తొమ్మిదింటికల్లా వచ్చి తొమ్మిదో తరగతికి బర్నర్లు సిద్ధం చేసింది. కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయేమని ఎవరో అడిగితే తప్పు అమ్మోనియా మీదకి నెట్టేసింది.

ఈ ఏడు పదో తరగతిలో ఒక పిల్ల ఉంది. టీచర్లు ముద్దుగా వాగుడుకాయ అనేవారు. ఆ పిల్ల తన క్లాసులోనే ఇంకో అమ్మాయికి ఉత్తరం రాసింది. నువ్వు నవ్వితే నాకు లెక్కలు తప్పుతున్నాయి అని రాసింది, అంతకన్నా ఏం లేదు. అది ఎవరి చేతిలోనో పడింది, ఫోటో తీశారు, పూట గడవకముందే బడంతా పాకింది. ఉత్తరం అందుకున్న అమ్మాయి ముఖం చాటేసింది. బెంచీ మీద పక్కవాళ్ళు ఏమీ ఎరగనట్టు లేచి వేరే చోట కూర్చున్నారు. వాగుడుకాయ నోరు పడిపోయింది.

భోజనాల గంటలో ల్యాబుకొచ్చి, సీసాలు కడిగిపెడతాను, ఇక్కడే ఉండనివ్వమని అడిగింది. ల్యాబ్ ఆంటీ ఎందుకని అడగలేదు. స్టూలు ఒకటి లాగి వేసింది. మూడు వారాలు అలా ఎదురెదురుగా కూర్చుని ఎవరి డబ్బా వాళ్ళు తిన్నారు. చెప్పాలనుకున్నది ఒకటైతే, రోజూ ఆవిడ నోటి నుంచి వచ్చింది మాత్రం బీకరు జాగ్రత్త అన్న మాటే.

ఒక మధ్యాహ్నం ఆవిడ స్టోరు గదిలోంచి వచ్చేసరికి ఆ పిల్ల యాసిడ్ల బీరువా ముందు నిలబడి ఉంది. తాళం మీద చెయ్యి ఉంది.  ల్యాబ్ ఆంటీ అరవలేదు. దగ్గరకెళ్ళి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగింది.

ఆ పిల్ల, "పొద్దున్న అనిపించింది. ఇప్పుడు భయమేస్తోంది," అంది.

మర్నాడు వాళ్ళ నాన్నని పిలిపించి ఉత్తరం చూపిస్తారట. క్లాస్ టీచర్ చెప్పింది. నాన్నకి తెలిస్తే బడి మాన్పిస్తాడు, ఇంట్లో ఉండనివ్వడు. ఇదంతా ఆ పిల్ల నేల చూస్తూ చెప్పింది.

"నువ్వు చెప్పింది కడుపులో పెట్టుకుని కూర్చోలేనమ్మా. నీ ప్రాణం సంగతిది. హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడాలి. ఇంట్లో ఎవరికి తెలిస్తే నీకు భయం ఉండదు?"

"పిన్నికి," అంది ఆ పిల్ల.

ఇద్దరూ కలిసే వెళ్ళారు. పిల్లని గుమ్మం పక్క బల్ల మీద, గాజు తలుపులోంచి కనబడేలా కూర్చోబెట్టి ఆవిడ లోపలికెళ్ళింది. హెడ్మిస్ట్రెస్ చెడ్డ మనిషి కాదు, రూల్సు మనిషి. సంగతి విని బెదిరిపోయింది. కానీ తండ్రికి చెప్పకపోతే రేపు తన మీదకొస్తుందంది.

"పిల్ల బతకలేకపోతోందని వాళ్ళ పిన్నిని పిలిచి చెప్పండి. ఎవరిని ఇష్టపడిందో ఇంట్లో చెప్పడం మన పని కాదు. అది ఆ పిల్ల నోటితో, తనకి ధైర్యం వచ్చినప్పుడు చెప్పుకోవాల్సింది."

ఇవన్నీ మీకెలా తెలుసని అడిగింది హెడ్మిస్ట్రెస్. 

"రెండేళ్ళ కిందట నేను సెలవు అడిగింది స్నేహితురాలి కోసం కాదు మేడమ్," అంది ల్యాబ్ ఆంటీ.

హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. క్షమించమనలేదు. ఫోను తీసి, పిల్లని లోపలికి పిలిచి, పిన్ని నంబరు చెప్పమంది.

పిన్ని ఆ సాయంత్రమే వచ్చి పిల్లని తనింటికి తీసుకెళ్ళింది. నాన్నని పిలిపించడం మానేసి, ఆయనకి పరీక్షల చదువని చెప్పారు. వారం వారం ఒక డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళేది. ఫోటో పంపినవాళ్ళ చేత హెడ్మిస్ట్రెస్ తన ఎదుటే దాన్ని చెరిపించి, వాళ్ళ తల్లిదండ్రులని పిలిపించింది. అంతమాత్రాన క్లాసు మారిపోలేదు. నెల గడిచాక, చదువు అంతంతమాత్రంగా ఉన్న ఒక అమ్మాయి మాత్రం లెక్కలు చెప్పించుకునే వంకతో వాగుడుకాయ పక్కన కూర్చుంది. తర్వాత ఆ వంక కూడా అక్కర్లేకపోయింది. భోజనాలకి ల్యాబుకి రావడం తగ్గింది, ఆగింది. ల్యాబ్ ఆంటీ సంతోషించింది. సంతోషిస్తూనే ఒంటరిగా డబ్బా విప్పింది.

హెడ్మిస్ట్రెస్ గదిలో అన్న మాట ఎలా పొక్కిందో స్టాఫ్ రూము దాకా పొక్కింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ వెళ్ళేసరికి టీ తాగడం అయిపోయి ఉండేది, అంతే. కుట్టు టీచర్ ఒక్కతే, రోజూలాగే చక్కెర డబ్బా ఇటు జరిపేది.

పరీక్షలైన ఆఖరి రోజున ఆ పిల్ల ల్యాబుకొచ్చింది. ఇంకో ఊళ్ళో కాలేజీలో చేరుతోందట, పిన్నీ అక్కడికే మారుతోందట. వెళ్ళబోతూ ఆగి, "ఆంటీ, ఆ రోజు తలుపు దగ్గర నాకు మీ మాట వినబడింది. ఆవిడ ఫోటో ఉందా?" అని అడిగింది.

ఫోనులో వెతికి ఇచ్చింది. వంటింట్లో తల తుడుచుకుంటున్న నర్సు. ఆ పిల్ల దాన్ని చాలాసేపు చూసింది. ఇంట్లో ఎవరు వండేవారని అడిగింది. పోట్లాడుకునేవారా అని అడిగింది. ఎవరు ముందు మాట్లాడేవారని అడిగింది. ఈ రెండేళ్ళలో అలాంటివి ఎవరూ అడగలేదు. తనే వండేదాన్నని, ఉప్పు దగ్గర రోజూ గొడవేనని, ముందు మాట్లాడేది మాత్రం ఎప్పుడూ నర్సేనని చెప్పింది. కిందనుంచి పిన్ని కేకేసింది. పిల్ల ఫోను జాగ్రత్తగా చేతిలో పెట్టి మెట్లు దిగి పరుగెత్తింది.

ఆ తర్వాత చెప్పాల్సినవి ఇంకా ఎన్నో గుర్తొచ్చాయి. నర్సు నిద్రలో డ్యూటీ మాటలు మాట్లాడేదనీ, కిటికీ తీసి ఉంటే తప్ప నిద్రపోయేది కాదనీ. ల్యాబ్ ఆంటీ కాసేపు ఆ స్టూలు వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, సెలవులకి ముందు సీసాలన్నీ లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది.