మామ్మగారి కుడిచెయ్యి

కొత్తపేటలో మా అత్తవారింటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇప్పటికీ నాకు ప్రతీదీ ముద్దుగానే ఉంది. కొబ్బరాకుల సందుల్లోంచి వంటింట్లోకి దిగే పొద్దుటి ఎండ, స్కూలుకు బయల్దేరి హెల్మెట్ పెట్టుకున్నాక ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చే హేమంత్. నిజానికి ఏమీ మర్చిపోడు.

ఆ సంతోషం మధ్యలో ఒక్కటే దిగులు, మామ్మగారి చెయ్యి. మామ్మగారంటే హేమంత్ నాయనమ్మ, ఎలీసమ్మగారు. మా పెళ్లయిన వారానికే ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. తల నేనే దువ్వేదాన్ని. గోడమీద వేళ్లు పాకిస్తూ రోజూ కొంచెం కొంచెం పైకి తీసుకెళ్లమని డాక్టరుగారు చెప్పారు. ఆమె ఒక్కరోజూ చెయ్యలేదు. అంతకన్నా నాకు బాధనిపించింది, చర్చిలో ప్రభురాత్రి భోజనపు బల్ల ఉన్న ఆదివారాల్లో ఆమె రొట్టె తీసుకోకపోవడం. పళ్లెం వస్తే తల వంచుకుని పక్కవాళ్లకు అందించేసేవారు.

ఓరోజు తల దువ్వుతుంటే కారణం చెప్పారు. కొత్తకోడలిగా నేను గుమ్మంలో నిలబడినప్పుడు, ఆమె తోటికోడలు మార్తమ్మగారు పాలూ పండూ పట్టుకుని ముందుకొచ్చారట. భర్త పోయిన మనిషి శుభకార్యంలో ముందు నిలబడటమేమిటని మామ్మగారు ఈ కుడిచేత్తోనే ఆమెను పక్కకు నెట్టేశారట. నాకదేమీ తెలియదు. అప్పుడు నేను హేమంత్ చెవి వెనక మిగిలిపోయిన పసుపు చూసి నవ్వాపుకుంటున్నాను.

తరాలుగా బైబిలు చదివే ఇంట్లో ఇంకా ఈ పట్టింపా అనుకున్నాను. మామ్మగారి సిగ్గూ అదే.

"దేవుడు నన్ను క్షమించలేదమ్మాయ్. క్షమిస్తే చెయ్యి లేచేది కదా" అన్నారు.

పాస్టరుగారు ఎంత చెప్పినా ఆమె నమ్మలేదట. మార్తమ్మగారిని క్షమాపణ అడిగారా అంటే, ఏ మొహం పెట్టుకుని అన్నారు. ఉన్న మొహమే చాలని చెప్పి, శనివారం సాయంత్రం స్కూటీ ఎక్కించాను. ఎడంచేత్తో నా నడుం పట్టుకుని, మార్తమ్మగారుండే పలివెల దాకా ప్రార్థన చేస్తూనే ఉన్నారు. అందులో సగం నా డ్రైవింగ్ గురించి.

మార్తమ్మగారు అరుగుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. మమ్మల్ని చూసి లేవలేదు. మామ్మగారు మెట్టు దగ్గరే ఆగిపోయి, తప్పయిపోయిందని, క్షమించమని అడిగారు. అందుకే దేవుడు తన చెయ్యి కట్టేశాడని కూడా చెప్పారు.

మార్తమ్మగారి చేతులు ఆగాయి.

"ఆయ్, బాధపడ్డానండీ. ఆ రోజు విందులో ముద్ద దిగలేదు నాకు. మీ మీద కోపంతో ప్రార్థన కూడా సరిగ్గా చెయ్యలేకపోయేను. ఇంక దాన్ని మొయ్యలేనక్కా, వదిలేసేను." చింతపండు పక్కకు జరిపారు. "కానీ పోయినేడాది నాకూ ఇలాగే భుజం పట్టేసిందండీ. నేనెవర్ని నెట్టేనంటారు?"

మామ్మగారు తన భుజం వైపు చూసుకున్నారు.

"మీరు ఏడ్చి అడిగినప్పుడే దేవుడు క్షమించేసేడు. చేతికి వ్యాయామం చెయ్యాలంతే. రండి."

ఇద్దరూ గోడ ముందు నిలబడ్డారు. వేళ్లు చీమల్లా పైకి పాకుతున్నాయి. మామ్మగారు మూలిగారు.

"నెట్టినప్పుడు బాగానే లేచిందిగా. ఇప్పుడేంటండీ ఈ బెట్టు?" అన్నారు మార్తమ్మగారు.

కళ్లమ్మట నీళ్లు కారుతుండగానే మామ్మగారు నవ్వేశారు.

మర్నాడే బల్ల. చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఎడంచేత్తో రొట్టె తీసుకున్నారు. బయటికొచ్చి, ఎంతకాలానికే అని నా బుగ్గ గిల్లారు, అదీ ఎడంచేత్తోనే.

ఆ తర్వాత మా హాలు గోడమీద, భుజానికి నూనె రాసుకున్న మామ్మగారి వేళ్ల మరకలు వారంవారం పైకి ఎక్కాయి. కొత్త రంగు పాడైపోతోందని మామ్మగారి భర్త సాలమోను తాతగారు గొణిగేవారు. గొణుగుతూనే, నిన్నటి మరక కన్నా ఇవాళ్టిది ఎంత పైనుందో చూపుడువేలితో చూసుకునేవారు.

పోయిన ఆదివారం మార్తమ్మగారు మామ్మగారి కుడిపక్కన కూర్చున్నారు. ప్రార్థన మధ్యలో ఫ్యాన్ గాలికి మార్తమ్మగారి తలమీది చెంగు జారిపోయింది. మామ్మగారు కళ్లు తెరిచి చూసి, కుడిచెయ్యి ఎత్తి, చెంగు ఆమె తలమీదికి లాగి సర్ది, మళ్లీ కళ్లు మూసుకున్నారు. చెయ్యి ఎంత పైకి లేచిందో ఆమె గమనించనేలేదు.

ప్రార్థనలో కళ్లు తెరిచి చూసినందుకు దేవుడు నన్నూ క్షమిస్తాడు. పక్కన హేమంత్ కూడా తెరిచే ఉన్నాడు.