రిపేరుకిచ్చిన మిషను

"అమ్మా, మీ మిషను అడుగున నంబరు ఒకసారి చూడనిస్తారా?"

గుమ్మంలో చేతికర్రతో నిలబడ్డ పెద్దాయన అడిగేసరికి ఎంబ్రాయిడరీ కుట్టే ఆవిడ మిషను ఆపేసింది. ఆ మిషను వీధి చివర మెకానిక్కు దగ్గర కొని నాలుగు నెలలైంది. వారం నుంచీ అతని షాపుకి తాళం.

"పనిలో ఉన్నా, రేపు రండి," అని తలుపేసేసి, లాయరు తమ్ముడికి ఫోను చేసింది. అతను వచ్చి, మిషను ఒరిగించి చూసి నిట్టూర్చాడు.

"నెమో దాత్ క్వోద్ నాన్ హాబెత్."

"తిట్టేదేదో తెలుగులో తిట్టరా."

"తిట్టు కాదక్కా, లాటిన్. తనది కానిదాన్ని ఎవడూ ఇంకొకళ్ళకి ఇవ్వలేడని. పెద్దాయన కింద మెట్ల మీదే కూర్చున్నాడు, మాట్లాడాను. రిపేరుకిచ్చి ఆసుపత్రి పాలయ్యాడట, తిరిగొచ్చేసరికి మిషను నీకు అమ్మేశాడని వీధిలో చెప్పారట. ఆయన చెప్పిన నంబరే ఇది. మెకానిక్కుకి బాగుచేసే పనే అప్పగించాడు, అమ్మమనలేదు."

"నా దగ్గర రసీదుందిగా!"

"నువ్వు డబ్బిచ్చావని చెప్తుందది. వాడికి హక్కుందని చెప్పదు. వాడి మీద కేసు వెయ్యొచ్చు. మిషను మాత్రం ఆయనదే."

తమ్ముడు కోర్టుకెళ్ళిపోయాడు. బడి చొక్కాల మీద కుట్టాల్సిన బ్యాడ్జీలు ఇంకా డెబ్బై ఉన్నాయి. ఆవిడ తలుపు గడియపెట్టి, ఆకురాయి తీసింది. మొదటి అంకె గీకేసింది. రెండో అంకె మీద ఆకురాయి పెట్టగానే మెట్ల మీంచి దగ్గు వినిపించింది. ఆగకుండా దగ్గుతూనే ఉన్నాడాయన. ఇక చెయ్యి కదల్లేదు.

మంచినీళ్ళు పట్టుకుని కిందికెళ్ళింది. "పైకి రండి, బాబాయిగారూ."

ఆయన వంగి నంబరు తడిమాడు. "ఇది గీకిందెవరు?"

"నేనే."

"నేనైతే మొత్తం గీకేసేవాణ్ణేమో," అన్నాడాయన. "పని ఎంత మిగిలింది?"

"డెబ్బై."

"కానియ్యి. కూర్చుంటాను."

సాయంత్రం దాకా కుట్టింది. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని ప్రతి బ్యాడ్జీకీ ఆయన మొహం చూసింది. ఆయన మాత్రం, "దారం బిగువు తగ్గించు," అని ఒక్కసారే అన్నాడు.

ఆఖరి చొక్కా మడతపెట్టాక మిషను ఆటో ఎక్కింది. మెకానిక్కు మీద కేసు ఇద్దరూ కలిసే వేశారు, ఇంకా నడుస్తోంది. తర్వాత ఆవిడ ఒక పాత తొక్కుడు మిషను కొంది. కొనేముందు అమ్మేవాళ్ళ ఇంటికెళ్ళి, పక్కింటివాళ్ళని కూడా అడిగి వచ్చింది.